‘రాజీ’ అనే మాట: పడేదెవరు, చేయించేదెవరు?

కోర్టు భాష మన జనానికి అర్థం కాదంటారు. అది సగమే నిజం. బడి గుమ్మం తొక్కని ముసలమ్మ కూడా కేసు, వాయిదా, బెయిలు, జామీను, సాక్షి అనే మాటలు తడుముకోకుండా వాడుతుంది. ఆమె వాటిని పుస్తకంలో చదవలేదు. స్టేషన్ అరుగు మీద, కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద నేర్చుకుంది. ఆ మాటల్లో వాడకు అన్నిటికంటే ముందు వచ్చేది, అన్నిటికంటే ఎక్కువకాలం ఉండిపోయేది ‘రాజీ’. కేసు పెట్టిన మర్నాడే, ఒక్కోసారి కేసు పెట్టకముందే, అది వచ్చి ఇంటి ముందు మంచం మీద కూర్చుంటుంది.

ఈ ఒక్క మాటను పట్టుకుని మేము ఇంత రాయడానికి కారణం ఉంది. అట్రాసిటీ కేసుల కాగితాలు చదువుతున్నప్పుడు ‘రాజీ’ అనే పదం మాకు దాదాపు ఎక్కడా కనపడలేదు. ఎఫ్.ఐ.ఆర్.లో లేదు, సాక్షుల వాంగ్మూలాల్లో లేదు, తీర్పులో లేదు. అదే వాడకు వెళ్లి ‘ఆ కేసు ఏమైంది?’ అని అడిగితే మొదటి జవాబు: ‘ఏముంది సార్, రాజీ అయిపోయింది’. ఊరంతా ఎరిగిన సంగతి రికార్డులో లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఆ మాట ఎక్కడిదో, చట్టం దాన్ని ఎంతవరకు రానిస్తుందో, ఊళ్లో దాన్ని ఎవరు ఎవరి మీద వాడుతున్నారో చూడాలి.

సమ్మతి నుంచి ‘పడటం’ దాకా

‘రాజీ’ అరబ్బీ మాట. పారశీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి, అక్కణ్ణుంచి ఊళ్లలోకి వచ్చింది. అసలు అర్థం ‘ఇష్టపడిన’, ‘సమ్మతించిన’, ‘తృప్తి చెందిన’ అని. అంటే అది మనిషి మనసు ఏ స్థితిలో ఉందో చెప్పే మాట. ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘మై రాజీ హూఁ’ అంటే ‘నాకు సమ్మతమే’ అని. తెలుగులో మనం ‘నేను రాజీ’ అనం. ‘రాజీ పడ్డాను’ అంటాం. కాళ్ల మీద పడటం, దెబ్బలు పడటం, మాట పడటం లాంటి ‘పడటం’ ఇది. ఇష్టపడటంలోనూ ‘పడటం’ ఉంది గదా అని భాషావేత్తలు అడ్డుపడవచ్చు. ఉంది, కాదనం. కానీ వాడలో ‘రాజీ పడ్డాం’ అన్న మనిషి గొంతు విన్నవాళ్లకు ఆ ‘పడటం’ ఏ వరసలోదో వేరే చెప్పనక్కర్లేదు.

‘రాజీనామా’ కథ ఇంకా విచిత్రం. ఉర్దూ, హిందీల్లో రాజీనామా అంటే రెండు పక్షాలు సమ్మతించి రాసుకున్న ఒప్పంద పత్రం. తెలుగులో, కన్నడంలో, మరాఠీలో అది ఉద్యోగమో పదవో వదులుకునే కాగితమైంది. ఈ మార్పుకు దారి పాత రెవెన్యూ వాడుకలో కనిపిస్తుంది. రైతు తన భూమిని వదులుకుంటున్నట్టు సర్కారుకు రాసిచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అనేవాళ్లు. ‘నా ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నాను’ అని రాయాలి గదా, అందుకని. ఇష్టాన్ని చెప్పే మాట వదులుకోవడానికి పేరయింది. పన్ను కట్టలేకనో మరెవరి ఒత్తిడికో వదులుకున్నా కాగితంలో మాత్రం ఇష్టమే ఉంటుంది.

పనిలో పనిగా ఇంకో మాట. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే ఫిర్యాది, దావా వేసినవాడు. తెలుగుకు వచ్చేసరికి ‘ముద్దాయి’ నేరం మోపబడినవాడయ్యాడు. ఎలా తారుమారైందో పండితులు తేల్చుకోవచ్చు. మన ఊళ్లలో ఫిర్యాదు చేసిన మాల, మాదిగ ఇల్లే ముద్దాయి ఇంటిలా ఎలా మారిపోతుందో మాత్రం మనం రోజూ చూస్తున్నదే.

ఇక క్రియలు చూడండి. ‘పెద్దమనుషులు రాజీ చేశారు’, ‘ఎస్.ఐ. గారు రాజీ చేయించారు’, ‘మధ్యవర్తులు రాజీ కుదిర్చారు’, ‘వాళ్లు రాజీకి రమ్మంటున్నారు’, ‘వీళ్లు రాజీ పడ్డారు’. చేసేవాళ్లు, చేయించేవాళ్లు, కుదిర్చేవాళ్లు, రమ్మనేవాళ్లు ఒక వైపు. పడేవాళ్లు ఒక వైపు. కొట్టినవాడు రాజీ ‘పడ్డాడు’ అని ఊళ్లో ఎవరన్నా అనగా మేము వినలేదు. ‘పోనీలే అని ఒప్పుకున్నాడు’ అంటారు. అంటే కొట్టినవాడు ఉదారంగా ఒప్పుకుంటాడు, దెబ్బ తిన్నవాడు రాజీ పడతాడు.

ఇదే మాటకు రాజకీయాల్లో దక్కే గౌరవం చూస్తే నవ్వొస్తుంది. ‘రాజీపడని నాయకుడు’, ‘రాజీలేని పోరాటం’ అని గోడల మీద రాసుకుంటాం. సభలో రాజీ పడనివాడు ధీరుడు. వాడలో రాజీ పడనివాడికి పొగరు. ‘నాలుగు అక్షరాలు చదివిండు, మాట వినడు’ అంటారు.

చట్టం రాజీని ఎంతవరకు రానిస్తుంది

సివిల్ వ్యవహారాల్లో రాజీ మంచి మాటే. అన్నదమ్ముల గట్టు తగాదా, అప్పు తగాదా కోర్టులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒప్పుకుని రాసిచ్చి సంతకాలు పెడితే, అది చట్టానికి లోబడిన ఒప్పందమైతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు 3వ రూలు కింద జడ్జి రాజీ డిక్రీ ఇస్తారు. దీనితో మనకు పేచీ లేదు. ఊరంతా నడిచే రాజీ భాష ఈ సివిల్ తగాదా నమూనాలోంచే వచ్చింది. రెండు పక్షాలు, ఒక గట్టు, చెరి కొంచెం జరిగితే సరిపోతుంది అన్న లెక్క.

క్రిమినల్ చట్టం లెక్క వేరు. నేరం జరిగితే అది దెబ్బ తిన్న మనిషి మీదే కాదు, సమాజం మొత్తం మీద జరిగినట్టు. కేసు నడిపేది ప్రభుత్వం. అందుకే కోర్టు కాగితాల్లో ఒక వైపు ‘స్టేట్’ అని ఉంటుంది, మన పేరు సాక్షుల జాబితాలో ఉంటుంది. కాబట్టి ‘నా కేసు నేను వాపసు తీసుకుంటా’ అనే మాటకు అక్కడ సూటిగా చోటు లేదు. ఈ సంగతి మన కార్యకర్తల్లోనే చాలామందికి స్పష్టంగా తెలియదు.

దీనికి చట్టమే కొన్ని మినహాయింపులు ఇచ్చింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 320వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 359వ సెక్షన్ ఆ జాబితాలు ఇస్తాయి. ఒక జాబితాలోని నేరాల్లో బాధితులు తమంతట తామే రాజీ కావచ్చు. మామూలు దెబ్బలు, మామూలు బెదిరింపు, దొడ్లోకి జొరబడటం లాంటివి. రెండో జాబితాలో వాటికి కోర్టు అనుమతి కావాలి. రాజీ అయితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. ఈ రెండు జాబితాల్లో లేని నేరానికి రాజీ లేదని అదే సెక్షన్ చివర ఖరాకండిగా చెబుతుంది.

1989 నాటి ఎస్సీ, ఎస్టీల అత్యాచారాల నిరోధక చట్టం కింది నేరాలు ఈ జాబితాల్లో లేవు. ఒక్కటీ లేదు. నలుగురిలో కులం పేరుతో తిట్టడం నుంచి ఇల్లు తగలబెట్టడం దాకా దేనికీ ఆ సెక్షన్ కింద రాజీ కుదరదు. దీనికో అర్థముంది. బజార్లో ఒకణ్ణి కులం పేరుతో తిడితే అది వాడొక్కడికే తగిలి ఆగదు. ఆ తిట్టు వాడలో ప్రతి ఇంటికీ వెళుతుంది, పుట్టబోయే పిల్లకు కూడా తగులుతుంది. కాబట్టి తిట్టు తిన్న ఒక్కడు వచ్చి ‘నేను క్షమించాను, సరిపోయింది’ అంటే సరిపోదు.

మరి ఊళ్లో జరుగుతున్నదేమిటి? సంఘటన జరగ్గానే ఫిర్యాదులోంచి కులం ముక్క తీసేయమంటారు. తీసేస్తే మిగిలేది మామూలు కొట్లాట. దానికి రాజీ చట్టబద్ధం. లేదా అవతలివాళ్లతో ఒక కౌంటర్ కేసు పెట్టించి, ‘రెండు కేసులూ లోక్ అదాలత్‌లో కొట్టేయించుకోండి’ అంటారు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలో 19వ సెక్షన్ చూడండి. రాజీకి వీల్లేని నేరాల మీద లోక్ అదాలత్‌కు అధికారమే లేదని అక్కడ ఉంది. ‘అదాలత్‌లో పెడదాం’ అని స్టేషన్లో ఎవరన్నా అంటే, మొదట అడగాల్సింది ఎఫ్.ఐ.ఆర్.లో ఏ సెక్షన్లున్నాయని.

బాండు కాగితం విలువ

రాజీ అనగానే బాండు కాగితం వస్తుంది. ‘మా ఇరువర్గాల మధ్య పొరపాటున జరిగిన గొడవ పెద్దమనుషుల సమక్షంలో పరిష్కారమైనది, ఇకమీదట ఎట్టి కేసులూ లేవు’ అనే ధోరణిలో రాసి వేలిముద్రలు వేయిస్తారు. వేలిముద్ర వేసినవాళ్లు ఆ కాగితాన్ని చూసి జీవితాంతం భయపడతారు. ‘సంతకం పెట్టేశాం సార్, ఇంక నోరెత్తకూడదంట’ అంటారు.

ఆ కాగితం విలువ ఎంతో 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పింది. 23వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. దోపిడీ కేసు పెట్టినవాడు కేసు వదిలేస్తానంటాడు, దోచుకున్నవాడు సొమ్ము తిరిగిస్తానంటాడు. ఇద్దరూ ఒప్పందం రాసుకుంటారు. ఆ ఒప్పందం చెల్లదు, దాని ఉద్దేశమే చట్టవిరుద్ధం అని చట్టం అంటుంది. దోపిడీ సొమ్ముకే చెల్లని కాగితం కులదూషణకు చెల్లుతుందా? కాబట్టి వేలిముద్ర వేసిన మనిషి కోర్టులో నిజం చెబితే, ఆ బాండు చూపి ఎవరూ నోరు నొక్కలేరు. ఈ ఒక్క సంగతి వాడ వాడకూ చెప్పాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. రాజీకి వీల్లేని నేరంలో నేరస్థుణ్ణి కాపాడటానికి డబ్బు తీసుకోవడం, ఇవ్వజూపడం రెండూ నేరాలే. పాత శిక్షాస్మృతిలో 213, 214 సెక్షన్లు, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 250, 251. మేము చూసినంతలో ఈ సెక్షన్లను ఇచ్చినవాడి మీద ఎవరూ పెట్టడం లేదు. తీసుకున్న కూలివాడు తర్వాత నోరు విప్పబోతే భయపెట్టడానికి మాత్రం పనికొస్తున్నాయి. దీనికీ ప్రభుత్వం ఇచ్చే పరిహారానికీ సంబంధం లేదు. 1995 నాటి నిబంధనల కింద వచ్చే సొమ్ము బాధితుల హక్కు. అది విడతలుగా వస్తుంది. చాలా నేరాల్లో చివరి వాటా కింది కోర్టులో పడే శిక్షతో ముడిపడి ఉంటుంది. పెద్దమనుషులు ఇప్పించే వేలు లెక్కపెట్టుకునేటప్పుడు పోగొట్టుకునేది ఎంతో ఎవరూ చెప్పరు.

రాజీ వేషాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. చట్టం ఒప్పుకోని రాజీ రికార్డులోకి ఏ పేరుతో వెళుతుంది?

దర్యాప్తు దశలోనే రాజీ అయితే ఫిర్యాది స్టేషనుకు వెళ్లి ‘కోపంలో అలా రాయించాను’ అని చెప్పాలి. పోలీసులు ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ అనో ‘సివిల్ తగాదా’ అనో తుది నివేదిక రాసి కేసు మూసేస్తారు. ఛార్జిషీటు పడ్డాక రాజీ అయితే ఇంకో దారి. సాక్షి బోనెక్కి ‘ఆ రోజు నేను ఊళ్లో లేను’, ‘చీకట్లో ఎవరు కొట్టారో చూడలేదు’, ‘పోలీసులు ఖాళీ కాగితం మీద సంతకం చేయించుకున్నారు’ అంటాడు. పి.పి. గారు లేచి సాక్షి ఎదురు తిరిగాడని కోర్టుకు చెప్పి, తన సాక్షినే క్రాస్ చేయడానికి అనుమతి తీసుకుంటారు. దాన్నే కోర్టు భాషలో ‘హోస్టైల్’ అంటారు. శత్రువు అని అర్థం. కొట్టినవాణ్ణి కాపాడటానికి మన మనిషి మన కేసుకే శత్రువవుతాడు. తీర్పులో ‘ప్రాసిక్యూషన్ నేరం రుజువు చేయలేకపోయింది’ అని పడుతుంది. గణాంకాల్లో అది ‘విడుదల’. ఆ గణాంకాలు పట్టుకుని పత్రికలో వ్యాసం రాసేవాడి చేతిలో అదే ‘అబద్ధపు కేసు’ అవుతుంది.

ఊళ్లో రాజీ, స్టేషన్లో మిస్టేక్, బోనులో హోస్టైల్, తీర్పులో విడుదల, పత్రికలో అబద్ధం. ఐదు పేర్లు, ఒకటే సంగతి. మొదటి పేరు మిగతా నాలుగు చోట్లా కనపడదు. అది కనపడనంతకాలం ‘ఈ చట్టాన్ని దుర్వినియోగం చేస్తున్నారు’ అనే వాదనకు సాక్ష్యం తయారవుతూనే ఉంటుంది. ఆ సాక్ష్యాన్ని తయారుచేసేది ఎవరో కాదు, రాజీ చేయించిన చేతులే.

ఇది ఊహ కాదు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఈ చట్టం కింద అరెస్టులకు ముందస్తు అనుమతులు, ఎఫ్.ఐ.ఆర్.కు ముందు ప్రాథమిక విచారణ పెట్టినప్పుడు, అబద్ధపు కేసుల లెక్కలూ విడుదలల లెక్కలూ ఆ తీర్పులో చోటుచేసుకున్నాయి. ఏప్రిల్ 2న దేశవ్యాప్తంగా బంద్ జరిగింది, ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ తెచ్చి ఎఫ్.ఐ.ఆర్.కు ప్రాథమిక విచారణ అక్కర్లేదని చెప్పింది. 2019 అక్టోబర్ 1న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి పాత తీర్పులోని ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో 18ఏ చెల్లుతుందని తేలింది. ఇంత యుద్ధానికి మూలంలో ఉన్న అంకెల్లో ఎన్ని మన ఊళ్లలోని మంచాల మీద కుదిరిన రాజీలో ఎవరూ లెక్క తీయలేదు. తీయడానికి రికార్డు ఉంటేగా!

ఎందుకు పడతారు

రాజీ పడ్డవాళ్లను ద్రోహులనడం మన సంఘాల్లో కొందరికి అలవాటు. నెలజీతం తీసుకునేవాళ్లూ, పట్నంలో ఉండేవాళ్లూ ఆ మాట తేలిగ్గా అంటారు. మాకది నచ్చదు. కూలి ఎవరి చేలో దొరుకుతుంది? గేదె గడ్డి ఎవరి గట్టు మీద? శవాన్ని ఏ దారిలో తీసుకెళ్లాలి? కిరాణా కొట్టు ఎవరిది, అప్పు ఎవరి దగ్గర? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఒకే బజారు వైపు చూపే ఊళ్లో ‘సమ్మతి’ అనే మాటకు అర్థమేమిటి? ‘ఊళ్లో బతకాలా వద్దా?’ అని పెద్దమనిషి నెమ్మదిగా, నవ్వుతూనే అడుగుతాడు. అందులో బెదిరింపు ఉందని ఏ స్టేషన్లోనూ రాయించలేం. కూలికి పిలవకపోవడం, సరుకులివ్వకపోవడం సాంఘిక బహిష్కరణ. 2015 సవరణ తర్వాత అది ఈ చట్టం కింద విడిగా నేరం. రాజీ కోసం బహిష్కరణ పెడితే అది రెండో కేసు. ఆ రెండో కేసు పెట్టిన ఊళ్లు ఎన్ని?

అన్నిటికన్నా పెద్ద మధ్యవర్తి ఆలస్యం. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఏళ్లు పడుతుంది. ఒక్కో వాయిదాకు ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి. మూడో ఏడుకు మనిషి తనంతట తనే పెద్దమనిషి ఇంటికి నడుస్తాడు. అప్పుడు ‘వాళ్లే రాజీకొచ్చారు’ అంటారు. ఆ మాట అబద్ధం కూడా కాదు.

పడనివాళ్లూ ఉన్నారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపాక మాదిగలు చీరాల వెళ్లిపోయారు, ఊరికి తిరిగి వెళ్లడానికి ఒప్పుకోలేదు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. బొజ్జా తారకం గారు ఆ మారణకాండకు నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేశారు. రాజీ లేని ఆ పనికి తెలుగులో పేరు ‘రాజీనామా’ కావడం చూడండి! 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడి దళితులు తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. సాక్షి కోర్టుకు పోవడం కాదు, కోర్టే సాక్షి దగ్గరకు రావడం. రాజీ ఒత్తిడికి అంతకన్నా గట్టి విరుగుడు మాకు కనపడదు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఇరవై మూడేళ్లు రాజీ పడకుండా నిలబడ్డవాళ్ల కేసు కూడా చివరికి లెక్కల్లో ‘విడుదల’ గడిలోకే వెళ్లింది, రాజీ పడ్డ కేసు పక్కనే.

‘స్వచ్ఛందంగా’ అనే షరతు

జాబితాల్లో లేకపోయినా ఇంకో తలుపు ఉంది. కేసును కొట్టివేసే సహజాధికారం హైకోర్టుకు ఉంది. పాత 482వ సెక్షన్, ఇప్పటి 528. రాజీ కావడం వేరు, రాజీని చూసి హైకోర్టు కేసు కొట్టివేయడం వేరు అని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. 2021 అక్టోబర్‌లో రామావతార్ కేసులో ఇంకో అడుగు వేసింది. మధ్యప్రదేశ్‌లో స్థలం తగాదాలో ఇటుక విసిరి కులం పేరుతో తిట్టినందుకు శిక్ష పడ్డ కేసు అది. ఇరువర్గాలూ కలిసిపోయామంటే తన ప్రత్యేకాధికారంతో కోర్టు దాన్ని కొట్టేసింది. గొడవ ప్రధానంగా సొంత తగాదా అయినప్పుడు, కులం కారణంగా నేరం జరగనప్పుడు అట్రాసిటీ కేసునైనా కొట్టేయవచ్చని చెప్పింది. అయితే ఫిర్యాది ఏ ఒత్తిడీ లేకుండా స్వచ్ఛందంగా ఒప్పుకున్నాడా లేదా అనేది కోర్టులు అదనపు జాగ్రత్తతో చూడాలని షరతు పెట్టింది.

షరతు మంచిదే. దాన్ని ఎలా చూస్తారన్నదే ప్రశ్న. ఫిర్యాదిని పిలిచి ‘ఇష్టపూర్వకంగానేనా?’ అని అడిగితే ‘అవునండి’ అంటాడు. పక్కనే నిలబడ్డ పెద్దమనిషి జీపులోనే గదా అతను తిరిగి ఊరెళ్లాలి. స్థలం తగాదా సొంత తగాదా అనుకోవడం కూడా మాకు సమ్మతం కాదు. వాడకు పొలం దక్కకుండా చేసింది కులమే అయినప్పుడు, పొలం గొడవలో కులం లేదని ఎలా విడదీస్తారు?

బలవంతం అంటే కత్తి చూపడం మాత్రమే కాదని మన హైకోర్టులకు ఎప్పుడో తెలుసు. 1917లో మద్రాసు హైకోర్టు ఒక తెలుగు కుటుంబం కేసులో తీర్పు ఇచ్చింది. ఆస్తి మీద హక్కు వదులుకుంటూ సంతకం పెట్టకపోతే చచ్చిపోతానని భర్త బెదిరించాడు. భార్యా కొడుకూ సంతకం పెట్టారు. చస్తానని బెదిరించి తీసుకున్న సంతకం బలవంతపు సంతకమేనని ఆ కోర్టు తేల్చింది. పదిహేనేళ్ల తర్వాత, 1932 సెప్టెంబర్‌లో, ఎరవాడ జైల్లో ఆమరణ నిరాహారదీక్ష సాగుతుండగా అంబేడ్కర్ ఒక కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. దాన్ని చరిత్ర పుస్తకాలు ‘పూనా ఒప్పందం’ అంటాయి.

ఇక మన వాడ లోపలి మాట. ఆడవాళ్ల మీద జరిగిన నేరాల్లో రాజీకి కూర్చునేది ఎవరు? అవతల ఊరి మగపెద్దలు, ఇవతల వాడ మగపెద్దలు. జరిగింది ఎవరికో ఆమె ఆ మంచం దగ్గరకు కూడా రాదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద బాలికపై లైంగిక వేధింపు కేసు పడింది. అందులో అట్రాసిటీ సెక్షన్లూ ఉన్నాయి. బాలిక తండ్రి అపార్థం వల్ల ఫిర్యాదు చేశామని స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. హైకోర్టు కేసు కొట్టేసింది. ఆ ఊరివాళ్లే, కేసుతో నేరుగా సంబంధం లేనివాళ్లు, సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కొట్టివేతను రద్దుచేసి కేసు నడవాలంది. తండ్రి సమ్మతి కూతురి సమ్మతి కాదన్నది ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవాలి. చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 498ఏ వరకట్న వేధింపు కేసుల్లో కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించినప్పుడు, దరఖాస్తు పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాలనీ, ఈలోగా ఎవరూ మనసు మార్చుకోకూడదనీ నియమం పెట్టింది. అంటే ఆ రోజు చెప్పిన ‘ఇష్టం’ మూడు నెలల తర్వాత కూడా ఇష్టమేనా అని చూసుకోమన్నారు.

ఊళ్లలో పనిచేస్తున్న మిత్రులు మమ్మల్ని తరచూ అడిగేది, ‘రాజీకి రమ్మంటున్నారు, ఏం చేయమంటారు?’ అని. ఒప్పుకోవాలో వద్దో బాధితులే తేల్చుకోవాలి. కానీ తేల్చుకునేముందు చేతిలో ఉండాల్సినవి ఉన్నాయి. 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ ప్రకారం బెదిరింపు, ఒత్తిడి, ఆశ చూపడం, హింస నుంచి బాధితులను, సాక్షులను కాపాడటం ప్రభుత్వ బాధ్యత. ‘ఆశ చూపడం’ అనే మాట గమనించండి, డబ్బు మూట కూడా అందులోకే వస్తుంది. బెయిలుతో సహా కోర్టులో ఏ వ్యవహారం జరిగినా బాధితులకు ముందే తెలియజేయాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. పోలీసులు కేసు మూసేస్తే ఫిర్యాదికి నోటీసు రావాలి. వచ్చినప్పుడు ఆ నివేదిక తప్పని పిటిషన్ వేసుకునే హక్కు ఉంటుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని చిన్నది. రాజీకి ఎవరు వచ్చారు, ఏ తేదీన, ఎవరి ఇంటి ముందు, ఏమన్నారు, ఎంత ఇస్తామన్నారు అని ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టడం. వాడలో పదో తరగతి చదివే పిల్లయినా చాలు. ఆ కాగితాన్ని ఒక దరఖాస్తుకు జతచేసి ప్రత్యేక కోర్టులో ఇస్తే, ‘రాజీ’ అనే మాట మొదటిసారి ఆ కేసు రికార్డులోకి వెళుతుంది. రేపు సాక్షి ఎదురు తిరిగినా జడ్జి ముందు ఆ కాగితం ఉంటుంది.